కనపడలేదు

తొలకరి పడిన మర్నాడు
జొన్నగిరి చేన్లలో మనుషులు తలలు దించుకొని నడుస్తారు.
ఎవరూ ఎవరితో మాట్లాడరు.
పొద్దు వాలుగా పడినప్పుడు
మట్టి కడిగిన రాయి ఒక్కటి
రెప్పపాటు మెరుస్తాది.
ఆ రెప్పపాటు కోసం
ముప్పై రెండు వానాకాలాలు నడిచినా నేను,
వట్టి కాళ్ళతో.
చెప్పులేసుకుంటే రాయి తెలీదని మా అత్త అనేది.

ఒకే ఒక్కసారి దొరికింది.
జీలకర్ర గింజంత, పసుపు చాయ.
పెరవలి వ్యాపారి తువ్వాల కింద
నా వేళ్ళు పట్టి బేరమాడినాడు.
ఆ దుడ్డుతో అర్ధెకరా కొన్నాం.

మడమ కింద నల్లమచ్చను
రెండేండ్లు నల్లరేగడే అనుకున్నా.
గరుకురాయితో రుద్దినా, పోలా.
పత్తికొండ ఆరెంపీ ఆనెకాయన్నాడు,
ఏందో మందు పూసినాడు.
అంచులు పగిలి నెత్తురు కారినప్పుడు
పక్కింటి మాబున్నీ నన్ను కర్నూలు బస్సెక్కించింది.
పెద్దాసుపత్రిలో మెలనోమా అన్నారు.
మా ఊరి వజ్రాలకు గూడా అంత చక్కని పేరు లేదు.

మడమ చెక్కేసినారు.
తొడ తోలు తెచ్చి అతికించినారు.
గజ్జల్లోంచి గడ్డొకటి తీసినారు.
ఆమైన ఏడాది పొడుగునా మూడు వారాలకొక సూది.
అది రోగాన్ని చంపదంట,
ఒంట్లో నిద్రపోయే కావలోళ్ళను తట్టి లేపుతాదంట.
వాళ్ళు లేసినారు.
కొన్నాళ్ళు నా కీళ్ళనే దొంగలనుకొని కొట్టినారు గూడా.
అర్ధెకరా మూడో సూదికి పోయింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి
రక్తమిచ్చి వస్తా.
ల్యాబులో కంబగిరి అనే పిల్లోడు
నరం దొరక్క రెండుసార్లు పొడుస్తాడు,
సారీ పెద్దమ్మా అంటాడు.
ఆ గొట్టం పెట్టెలో కూచొని హైదరాబాదు పోతాది.

"ఏం వెతుకుతారు నాయనా అంత చిన్న గొట్టంలో?"
"కణితి నుంచి రాలే పొట్టు పెద్దమ్మా.
వేల పోగుల్లో ఒకటో రెండో.
స్కానులో మచ్చ తేలకముందే
ఒక్కోసారి నెలల ముందే
అది రక్తంలో కనపడతాది."

నవ్వొచ్చింది నాకు.
ఇది నాకు తెలిసిన పనే గదా.
నా ఒళ్ళే చేను, వాన పడింది,
ఎవరో తల దించుకొని నడుస్తాండారు.
వెతికేటోళ్ళకు ఏమీ దొరకగూడదని
ఈరన్నస్వామికి మొక్కుకోవడం మాత్రం
నా జన్మలో ఇదే మొదలు.

పోయిన బేస్తవారం కాగితమొచ్చింది.
డాక్టర్ హేమావతి చదివింది:
"కనపడలేదు."
"అంటే లేదా అమ్మా?"
"లేదు అని రాయరు ఉరుకుందమ్మా.
కనపడలేదు అనే రాస్తారు."
మాబున్నీ మొహం చిన్నబోయింది,
"ఇంత దుడ్డు పోస్తే ఇదేం మాట?"

మీలాంటోళ్ళు వందమందిలో ఇంతమందికి
తిరగబెట్టొచ్చని డాక్టరమ్మ ఒక అంకె చెప్పింది.
ఆ వందమంది ఎవరో, ఏ దేశమోళ్ళో,
వాళ్ళలో ఒక్కరన్నా
వట్టి కాళ్ళతో చేను నడిచినోళ్ళున్నారో లేదో
అడగబోయి ఊరుకున్నా.

కనపడకపోవడమంటే ఏందో నాకొకరు చెప్పాల్నా?
పదిమంది కండ్లతో దువ్వి పోయిన చాల్లోనే
ఇంకో వానకు పదకొండోవాని కాలికి తగుల్తాది.
ఎంత వాన పడినా
ఏమీ లేని చేన్లే ఎక్కువ.
ఆ సంగతి గూడా నాకు తెలుసు.

తిరుగు బస్సు వెల్దుర్తి దాటేసరికి చినుకులు.
"రేపు చేన్లోకి పోతావేమో, కాళ్ళిరగ్గొడతా" అంది మాబున్నీ.
సీటు కింద చెప్పులు విడిచి
రేకు మీద పాదం ఆనిచ్చినా.
ఎడమకాలికి బస్సు అదురు తెలుస్తాంది.
కుడి మడమకు ఏమీ తెలీలేదు.
తొడ తోలు గదా, దానికి నేల కొత్త.

తర్వాతి తేదీ కాగితం మీద రాసిచ్చినారు.
అప్పటికి వేరుశెనగ పెరికేసి ఉంటారు.
నేల ఇంకొకసారి తిరగబడి ఉంటాది.